‘నాకు హక్కుందా?’ – అందులో ‘ఆ’ ఉందా?

నీలిడబ్బా: బ్రిటిష్ టీవీ ధారావాహిక ‘డాక్టర్ హూ’లో టామ్ బేకర్ డాక్టర్‌గా వేసిన కాలం కథల్లో నాకు మొదటిది ఎప్పుడూ ‘జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్’ (1975). కలిపితే చాలు డాలెక్స్ అనే క్రూర జాతి మొదట్లోనే అంతమైపోయే రెండు తీగలు చేతిలో పట్టుకుని డాక్టర్ అడిగే మాటను తెలుగులో రాసుకుంటూ ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. ‘నాకు హక్కుందా?’ అంటాడా, ‘నాకు ఆ హక్కుందా?’ అంటాడా?

పాతటేపు: రెండూ అంటాడు. మొదటిసారి ‘ఆ’ ఉంది. వెంట ఉన్న సహచరి సారా జేన్ ‘ఇందులో అనుమానమేంటి’ అన్నాక మళ్లీ అడుగుతాడు, అప్పుడు ‘ఆ’ లేదు. జనానికి గుర్తున్నది రెండోదే. ‘ఆ’ ఉంటే ఈ ఒక్క పని గురించే ప్రశ్న. అది పోయాక ఎంత పెద్దదైపోయిందో చూడండి.

గట్టుమీద: ‘ఆ’ సంగతి తర్వాత, అసలు ‘హక్కు’ ఎలా నప్పుతుందండీ? అరబ్బీ నుంచి వచ్చి మన పొలాల్లో, కోర్టుల్లో స్థిరపడిన మాట. ఒక జాతిని మొలకలోనే తుడిచెయ్యడానికి పట్టా అడుగుతున్నాడా ఆయన? ‘నాకిది తగునా?’ అనాలి.

పాతటేపు: ‘తగునా’ అంటే మర్యాద ప్రశ్న అయిపోతుంది అన్నా. అక్కడున్నది చంపడం.

ఉద్యోగపర్వం: నాకైతే ఆ ఘట్టంలో తిక్కనే వినిపిస్తాడు. ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’. చెయ్యగలిగినవాడు చూస్తూ ఊరుకుంటే చేటు వాడికే. కాబట్టి ప్రశ్న హక్కు గురించి కాదు, దక్షత గురించి. రోగక్రిమి అయితే ఆలోచించేవాడివా అని సారా జేన్ నిలదీసేది కూడా ఇదే.

గట్టుమీద: కృష్ణుడు ఆ మాటన్నది కౌరవ సభలో కూర్చున్న పెద్దలతో. డాక్టర్ ఒంటరిగా తనను తాను అడుక్కుంటున్నాడు. పైగా, చంపితే నేనూ వాళ్లలాంటివాణ్నే అవుతానన్న భయం తిక్కన పద్యంలో ఎక్కడుంది?

ఉద్యోగపర్వం: పద్యం చివరిదాకా చదవండి గురువుగారూ, ‘దైవముండెడిన్’ దగ్గర ఆగుతుంది. అంతకుముందే డాలెక్స్‌ను సృష్టించిన దావ్రోస్, ప్రాణులన్నిటినీ చంపే వైరస్ నా చేతిలో ఉంటే దేవుళ్ల కన్నా పైన ఉంటానంటాడు. డాక్టర్ వెనక్కి తగ్గింది ఆ పీఠం నుంచే. ఇంకోటి, రెండో పాదం ‘దక్షులె’ దగ్గర విరిగి మూడో పాదం ‘వ్వార’తో మొదలవుతుంది. బేకర్ తీగల మధ్య ఆగే చోటు అచ్చం ఇలాగే ఉంటుంది!

పారిస్‌వీధి: ఇంత చర్చా? ఆ కాలంలో నా ఓటు ‘సిటీ ఆఫ్ డెత్’కే (1979). పోటీ ఛానల్ ఐటీవీలో సమ్మె వల్ల చివరి భాగం కోటీ అరవై లక్షల మంది చూశారంటారు గానీ, సమ్మె లేకపోయినా ఆ సంభాషణలకు సాటి లేదు.

నీలిడబ్బా: నా ‘ఆ’ సంగతి ఎవరైనా తేల్చండి బాబూ.

పాతటేపు: రెండోసారి ‘ఆ’ తీసేసి రాయండి. అన్నట్టు, చివరికి తీగల్ని కలిపింది డాక్టర్ కాదు, మీదుగా దొర్లిన డాలెక్. ఫలితం డాలెక్స్‌కు వెయ్యేళ్ల ఆలస్యం, అంతే. ఆ లెక్కన దక్షుడు ఎవరు?

ఉద్యోగపర్వం: దావ్రోస్‌కు ఎదురుతిరిగిన శాస్త్రవేత్త గార్మన్ వచ్చి దావ్రోస్ దిగొచ్చాడని చెప్పగానే తీగలు వదిలేశాడు నిజమే, కానీ తర్వాత మళ్లీ వెళ్లాడుగా! అది ఉపేక్ష ఎలా అవుతుంది? ‘ఉపేక్ష’కు తిక్కన మిగతా చోట్ల ఏ అర్థం ఇచ్చాడో రాత్రికి వెతికి పెడతాను.