ఇడ్లీ బండితో పెట్టుబడిదారీ విధానాన్ని వివరించవచ్చా? సలహాలు కావాలి

గాజువాక మాస్టారు
మా కాలనీ సంఘం గదిలో నెల రోజులుగా ప్రతి ఆదివారం ఉదయం 9 గంటలకు ఒక తరగతి నడుపుతున్నాను. విషయం రాజకీయ అర్థశాస్త్రం. మొదటి వారం 23 మంది వచ్చారు. నాలుగో వారానికి ఐదుగురు మిగిలారు, వారిలో ఒకాయన గదికి తాళం వేయడానికి వచ్చిన మనిషి. బోర్డు మీద "ఉపయోగపు విలువ, మారకపు విలువ" అని రాసేసరికి ముందు వరుస మొత్తం ఫోన్లు తీసింది.
మూడు సందేహాలు. సరుకుతో మొదలుపెట్టాలా, జీతంతో మొదలుపెట్టాలా? మన ఊరి ఉదాహరణలు ఏవి పనికొస్తాయి? గంట సరిపోతుందా?
మా వీధి మలుపులో ఇడ్లీ బండి పెట్టుకున్న ఆవిడను "చిన్న పెట్టుబడిదారు"గా చూపించి, అక్కడినుంచి పెద్ద కంపెనీల దాకా వెళ్దామని నా ఆలోచన.

ఆటోనగర్ లేతు
ముందు మీ బొమ్మ మార్చండి మాస్టారూ. పెట్టుబడిదారు అనగానే పొట్ట, చుట్ట, టోపీ గీస్తారు. నాకు రెండు లేతు మిషన్లు, ఆరుగురు పనివాళ్లు. బిల్లులు మూడు నెలలకు గాని రావు. కుర్రాళ్ల జీతం మాత్రం ఒకటో తేదీన పడాలి. పోయిన నెల నా ఇంటి అద్దె మా బావమరిది కట్టాడు. మీ తరగతిలో నేను కూర్చుంటే నన్ను చూపించి "ఇతడే దోపిడీదారు" అంటారా?

ఎంఏ అర్థశాస్త్రం
ఇరవై ఏడేళ్లు డిగ్రీ విద్యార్థులకు ఈ పాఠమే చెప్పాను కాబట్టి అధికారంతోనే చెబుతున్నాను. ఇడ్లీ బండి వద్దు. 1776లో ఆడం స్మిత్ చెప్పిన గుండుసూదుల కార్ఖానాతో మొదలుపెట్టండి. ఒక్కడే అన్ని పనులూ చేస్తే రోజుకు ఇరవై సూదులు కూడా చేయలేడు. పని విడగొట్టి పది మంది పంచుకుంటే రోజుకు 48,000. శ్రమ విభజన అర్థమైతే తక్కినదంతా దానంతటదే వస్తుంది.

హార్బరు గాలి
మా వాళ్లకు గుండుసూదుల కథ ఒకసారి చెప్పి చూశాను. "అన్ని సూదులు ఎవరు కొంటారు?" అని అడిగి లేచిపోయారు. నిజానికి మంచి ప్రశ్నే.
బోటు లెక్క చెప్పండి, రాత్రంతా వింటారు. డీజిలు, ఐసు, బియ్యం, ఉప్పు అన్నీ వేసుకుని వేటకు పోతాం. తిరిగొచ్చాక జెట్టీ మీద వేలం. వచ్చిన డబ్బులోంచి ముందు ఖర్చులు తీసేస్తారు. మిగిలిన దానిలో బోటుకు ఇంత, బోటు నడిపే సరంగుకు ఇంత, వల లాగే కలాసీలకు ఇంత. వలకు ఏమీ పడకపోతే కలాసీకి రోజులు పోయినట్టే, చేతికి పైసా రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం ఉన్న 61 రోజులు ఇంకో కథ. నష్టం భరించేవాడికే లాభం అని పుస్తకాల్లో రాస్తారట. మా దగ్గర నష్టం అందరూ భరిస్తారు, బోటు మాత్రం ఒక్కడిది.

ఆటోనగర్ లేతు
ఆ ఒక్కడూ బోటు కోసం చేసిన అప్పు ఎవరు తీరుస్తారు?

హార్బరు గాలి
వేలం పాడే సేటు దగ్గరే తెచ్చాడు. అందుకే చేప కూడా ఆయనకే వేయాలి, ఆయన చెప్పిన ధరకే. లాభం బోటు యజమాని దగ్గర ఆగిందని నేను అన్నానా?

కంచరపాలెం కమల
ఇడ్లీ బండి ఆవిడ పెట్టుబడిదారు ఎలా అవుతుంది మాస్టారూ? మా పెద్దమ్మది బండే. తెల్లవారి నాలుగింటికి లేస్తుంది. పిండి ఆమే రుబ్బుతుంది, ఇడ్లీ ఆమే వేస్తుంది, ప్లేట్లు ఆమే కడుగుతుంది. కూలికి ఎవరినీ పెట్టుకోలేదు. అసలు మనిషి పది గంటలకు మోటారు సైకిల్ మీద వస్తాడు. పది వేలు అప్పు అని చెప్పి తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు. చిన్న కార్డు మీద టిక్కు పెట్టి, ఇడ్లీ తిని, ఒక్కోసారి దానికీ డబ్బులివ్వకుండా పోతాడు.

గాజువాక మాస్టారు
అమ్మా, ఇది నాకు తట్టలేదు. మార్క్స్ 1867లో చెప్పిన తేడా ఇదే కదా. మీ పెద్దమ్మ ఇడ్లీ అమ్మి, ఆ డబ్బుతో ఇంటికి కావలసినవి కొంటుంది. సరుకు, డబ్బు, మళ్లీ సరుకు. మోటారు సైకిల్ మనిషి డబ్బుతో మొదలుపెట్టి ఇంకాస్త ఎక్కువ డబ్బుతో ముగిస్తాడు. మధ్యలో ఇడ్లీ ఉన్నా ఇనుము ఉన్నా అతనికి ఒకటే.

ఎంఏ అర్థశాస్త్రం
ఉద్వేగం వద్దు. తొమ్మిది వేలకు వెయ్యి వడ్డీ అంటే 11 శాతం. అదీ వంద రోజులకు. ఏడాదికి 40 శాతం. క్రెడిట్ కార్డు బాకీ మీద బ్యాంకులూ ఇంచుమించు అంతే తీసుకుంటున్నాయి. పైగా ఇంటి ముందుకు వచ్చి ఇస్తున్నాడు, హామీ అడగడం లేదు. దీన్ని సేవ అనాలి.

లెక్కల పిచ్చి
సార్, ఇరవై ఏడేళ్లు ఇదే చెప్పారా? తొమ్మిది వేలు వంద రోజులూ ఆమె దగ్గర ఉంటే గదా 11 శాతం! మర్నాటి నుంచే వంద తిరిగి కడుతోంది. యాభయ్యో రోజుకు అయిదు వేలు కట్టేసింది. తొంభయ్యో రోజుకు చేతికి వచ్చినదంతా వెనక్కి పోయింది, ఇంకా పది రోజులు కట్టాలి. సగటున ఆమె వాడుకున్నది నాలుగున్నర వేలకు అటూ ఇటూ. దానిమీద వెయ్యి అంటే వంద రోజులకే 22 శాతం. ఏడాదికి 80కి దగ్గర.

ఎంఏ అర్థశాస్త్రం
సామాన్యులకు అర్థం కావాలని సరళంగా చెప్పాను.

లెక్కల పిచ్చి
సరళం చేయడంలో సగం వడ్డీ మాయమైంది. మోటారు సైకిల్ అతను కూడా ఇంత సరళంగానే చెబుతాడు.

ఎంఏ అర్థశాస్త్రం
వయసుకైనా మర్యాద ఇవ్వండి. 80 శాతం అంటున్నారు, ఎగవేతల సంగతి ఏమిటి? పదిమందిలో ఇద్దరు ఊరు వదిలి పోతే అతనికి మిగిలేది ఎంత?

కంచరపాలెం కమల
మా పెద్దమ్మ ఊరు వదిలి ఎక్కడికి పోతుంది సార్? బండి చక్రాలకే గాలి లేదు.

డాబాగార్డెన్స్ పాఠకుడు
వీధి వ్యాపారులకు 2020లో కేంద్రం స్వనిధి పథకం పెట్టింది కదా. అప్పట్లో మొదటి విడత పది వేలు, 7 శాతం వడ్డీ రాయితీ. ఆమె తీసుకోలేదా?

కంచరపాలెం కమల
తీసుకుంది, తీర్చింది కూడా. ఆ డబ్బు అమ్మాయి కాలేజీ ఫీజుకు పోయింది. పిండికి మళ్లీ ఇతనే.

ఉక్కునగరం 66
ఇడ్లీల దగ్గరే ఉండిపోయారు. విశాఖలో కూర్చుని పెట్టుబడి గురించి మాట్లాడుతూ ఉక్కు ఫ్యాక్టరీ ఊసెత్తని వాళ్లను మిమ్మల్నే చూశాను. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చింది. 2021 జనవరిలో నూరు శాతం వాటాలు అమ్మేస్తామన్నారు. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. సొంత ఇనుప గనులు లేక ఖనిజం బయట కొనుక్కునే ఫ్యాక్టరీని, గనులున్న వాళ్లతో పోల్చి నష్టాలు వచ్చాయంటారు. మాస్టారూ, అయిదు వారాలూ దీనిమీదే చెప్పవచ్చు.

ఆటోనగర్ లేతు
ప్రభుత్వానిదైతే పెట్టుబడిదారీ కాదా? అక్కడా జీతానికే పని, ఇక్కడా జీతానికే పని. ఉక్కు మార్కెట్ ధరకే అమ్ముతారు. తేడా చెప్పండి.

ఉక్కునగరం 66
తేడా తెలియాలంటే నువ్వు ఆ ఉద్యమం రోజుల్లో పుట్టి ఉండాలి.

ఆటోనగర్ లేతు
అది జవాబు కాదు పెద్దాయనా. అడిగింది లెక్క, చెప్పింది వయసు. ఈ చర్చలో అందరూ వయసే చెబుతున్నారు.

నిర్వాహకుడు
ఫ్యాక్టరీ అమ్మకం మీద వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. పార్టీల పేర్లతో తిట్టుకున్న నాలుగు వ్యాఖ్యలు తొలగించాను.

రెండు చక్రాలు
నేను సరుకులు ఇళ్లకు చేరవేస్తాను. ఈ గొడవంతా మధురవాడ సిగ్నల్ దగ్గర చదివాను. బండి నాది, పెట్రోలు నాది, ఫోను నాది, వానకోటు నాది. ఒప్పందంలో నన్ను "భాగస్వామి" అని రాశారు. మరి నేను పెట్టుబడిదారునా, కూలీనా? నిజంగానే అడుగుతున్నాను.

గాజువాక మాస్టారు
బాబూ, ఒక్కటి చెప్పు. ఆర్డరుకు ధర ఎవరు పెడతారు?

రెండు చక్రాలు
యాప్. నిన్న 32 రూపాయలు ఉన్న దూరానికి ఇవాళ 26. ఎందుకని అడగడానికి మనిషి లేడు. రెండు ఆర్డర్లు కాదంటే మూడోది గంటదాకా రాదు.

హార్బరు గాలి
మా సేటు నయం తమ్ముడూ. కనీసం ఎదురుగా నిలబడి తిట్టవచ్చు.

ఎంఏ అర్థశాస్త్రం
స్వతంత్ర గుత్తేదారు. చట్టపరంగా కంపెనీలు అలాగే చూపిస్తాయి.

కంచరపాలెం కమల
చట్టం ఏమన్నదో కాదు సార్, ఆ అబ్బాయి అడిగింది. ఉత్పత్తి సాధనం అంటే యంత్రాలని మాస్టారు చెప్పి ఉంటారు. ఇక్కడ బండి అసలు సాధనమే కాదు. కొనేవాళ్ల జాబితా, దారి చూపే ఆ యాప్, అవే సాధనం. అవి ఇతని దగ్గర లేవు. బండి ఖర్చు మాత్రం ఇతని నెత్తిన వేశారు. మా పెద్దమ్మకు గిరాకీ కనీసం ఆమె ముఖం చూసి వస్తుంది.

ఆటోనగర్ లేతు
ఇది ఒప్పుకుంటాను. నాకు పని ఇచ్చే కంపెనీ కూడా నన్ను భాగస్వామి అనే అంటుంది. మూడు నెలలు బిల్లు ఆపేటప్పుడు కూడా.

లెక్కల పిచ్చి
మాస్టారూ, మీ దగ్గర జనం తగ్గడానికి పాఠం కారణం కాదేమో. ఆదివారం ఉదయం 9 గంటలు అన్నారు. ఆ వేళకు ఇడ్లీ బండి దగ్గర రద్దీ. హార్బరులో వేలం. ఈ అబ్బాయికి ఆర్డర్లు ఎక్కువ. ఎవరి గురించి చెబుతున్నారో వాళ్లెవరూ రాలేని సమయం పెట్టారు.

గాజువాక మాస్టారు
తల తిరిగింది. గది ఉదయం మాత్రమే ఖాళీ అని పెట్టాను. మధ్యాహ్నం మూడున్నరకు మారిస్తే ఎవరెవరు వస్తారు? బోర్డు తీసేస్తాను. కమల గారూ, ఆ వసూలు కార్డు ఒకటి మీ పెద్దమ్మను అడిగి తెస్తారా? దానితోనే మొదలుపెడదాం.

కంచరపాలెం కమల
అడిగాను. కార్డు ఇవ్వనంది, నిండకముందే పోతే అతను ఒప్పుకోడట. తనే పట్టుకుని వస్తానంది. నాలుగున్నరకు పప్పు నానబెట్టాలట, ఆలోగా వదిలేయాలి.

ఆటోనగర్ లేతు
ఆ గదిలో ఫ్యాను తిరుగుతుందా? లేకపోతే నా షాపులోది ఒకటి తెస్తాను.