మందు తగిలించాక పెప్టైడ్ 34 డిగ్రీలకే గడ్డకడుతోంది

అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. క్యాన్సర్ గడ్డను 42 డిగ్రీలకు వేడి చేస్తే అక్కడే పేరుకునేలా ఎలాస్టిన్ (చర్మానికి సాగే గుణమిచ్చే ప్రోటీన్) తరహా పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల గొలుసు, తయారుచేశాం. వీపీజీఎక్స్‌జీ (వాలీన్-ప్రోలీన్-గ్లైసీన్-ఎక్స్-గ్లైసీన్ అనే ఐదు అమైనో ఆమ్లాల వరుస) యూనిట్లు 120. ఎక్స్ స్థానంలో వాలీన్, అలనీన్, గ్లైసీన్. పీబీఎస్‌లో (రక్తంలో ఉన్నంత ఉప్పుండే ద్రావణం), 25 మైక్రోమోలార్ దగ్గర, ఒట్టి పెప్టైడ్ 41 డిగ్రీలకు గడ్డకట్టి తెల్లబడుతోంది. చివరి సిస్టీన్‌కు డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు తగిలించగానే అది 34కి పడిపోయింది. అంటే ఒంట్లోకి వెళ్లీ వెళ్లగానే గడ్డకడుతుంది! (ఇక్కడి ఎండలకు ల్యాబ్ బెంచి మీదే మబ్బుగా అవుతోంది, ఐస్‌లో దాచుకుంటున్నాం.) చల్లారిస్తే మళ్లీ తేటపడుతోంది.

విడిగా మిగిలిన మందును కాలమ్‌తో తీసేసి చూసినా అంతే. 5 మైక్రోమోలార్‌కు పలుచన చేస్తే 36 దాకా వచ్చి ఆగింది. ఉప్పు తగ్గిస్తే పెరుగుతుంది గానీ, రక్తంలో ఉప్పును మనం తగ్గించలేం కదా.

మందు తగిలించాక 39-41 మధ్య నిలవాలంటే వాలీన్ తగ్గించి అలనీన్, గ్లైసీన్ పెంచడం మేలా, లేక గొలుసు పొడవు తగ్గించడమా?