పాత చైన్ డోజర్ బ్లేడ్ గట్టి నేలలో దిగడం లేదు, కమాను పట్టీలు అతికించవచ్చా?

చెరువుకట్ట:
సుమారు 18 టన్నుల పాత డోజర్. స్ట్రెయిట్ బ్లేడ్, ఒక పక్క టిల్ట్ సిలిండర్ (బ్లేడ్‌ను పక్కకు ఒరిగించేది), రెండో పక్క స్క్రూ బ్రేస్ (మర తిప్పి పొడవు మార్చే కడ్డీ). వదులు మట్టిని బాగానే తోస్తోంది. మొరం మీద, ఎండిన రేగడి మీద మాత్రం గీసుకుంటూ పోతోంది. కటింగ్ ఎడ్జ్ (బ్లేడ్ అడుగున బోల్టులతో బిగించే కోత పట్టీ) మధ్యలో బోల్టు తలల దాకా అరిగింది, రెండు మూలలూ గుండ్రంగా అయ్యాయి. ఎడ్జ్ కిందే లారీ కమాను పట్టీలు వెల్డ్ చేస్తానంటున్నాడు వెల్డర్. చేయించవచ్చా?

ఇనుపచక్రం:
వద్దండి. కమాను పట్టీలో కార్బన్ ఎక్కువ. వెల్డ్ పక్కనే పెళుసుబారి, రాయి తగిలితే ముక్కగా ఊడిపోతుంది. అసలు ఎడ్జ్ కూడా గట్టిపరిచిన ఉక్కే కాబట్టి ఆ వేడికి దాని గట్టిదనం పోతుంది.

ముందు లోపం ఎక్కడుందో చూడండి. గట్టి నేల మీద బ్లేడ్ ఆనించి లివర్ కిందికి నొక్కండి, మెషీన్ ముందు భాగం లేవాలి. లేచి అలాగే నిలిస్తే హైడ్రాలిక్స్‌తో పేచీ లేదు. లేవకపోతే పంపు, రిలీఫ్ ప్రెషర్ (రిలీఫ్ వాల్వు తెరుచుకునే ఆయిల్ ఒత్తిడి) చూడాలి. లేచి వెంటనే కుంగిపోతుంటే సిలిండర్ సీళ్లో, కంట్రోల్ వాల్వో కారుతోంది. ఇక బ్లేడ్ దిగినా చైన్ జారుతుంటే చైన్ ప్లేట్ల గ్రౌజర్లు (నేలను పట్టుకునే గట్లు) అరిగాయన్నమాట. అప్పుడు ఎడ్జ్ ఎంత కొత్తదైనా లాభం లేదు.

చెరువుకట్ట:
ముందు భాగం లేచి నిలుస్తోంది, చైన్ జారడం లేదు. ఎడ్జ్ విప్పి చూస్తే వెనక బ్లేడ్ అడుగు ప్లేటు మధ్యలో 15 మి.మీ. దాకా తినేసింది, రెండు బోల్టు రంధ్రాలు కోలగా సాగాయి.

ఇనుపచక్రం:
అయితే లోపం ఎడ్జ్‌లోనే. అరిగిన ఎడ్జ్ అడుగు వెడల్పుగా చదునవుతుంది. అదే బరువు ఎక్కువ వైశాల్యం మీద పడి నేలలో దిగకుండా తేలుతుంది. గుండ్రటి మూలలు దీన్ని ఇంకా పెంచుతాయి. అందుకే ఎండ్ బిట్లు (రెండు మూలల్లో బిగించే ముక్కలు) కూడా ఎడ్జ్‌తో పాటే మార్చండి.

కొత్తది బిగించే ముందు అడుగు ప్లేటు బాగుచేయాలి. వెనక ఆధారం లేని చోట కొత్త ఎడ్జ్ వంగుతుంది, బోల్టులు తెగుతాయి. తిన్న భాగాన్ని దారం పట్టి తిన్నగా కోసి, అదే మందం మైల్డ్ స్టీల్ పట్టీని రెండు వైపులా V గాడి తీసి అతకండి. 7018 రకం (లో-హైడ్రోజన్) వెల్డింగ్ రాడ్లు వాడండి, చెమ్మ పట్టినవైతే ఓవెన్‌లో 300–350 డిగ్రీల దగ్గర గంటైనా కాల్చాలి. మధ్య నుంచి చివరలకు, 150 మి.మీ. ముక్కలుగా, మార్చి మార్చి వేయాలి. పాత ఎడ్జ్‌ను బిగించి ఉంచి వేస్తే ప్లేటు వంపు తిరగదు. ఎర్త్ క్లాంపు బ్లేడ్‌కే పెట్టండి, చైన్‌కో బాడీకో పెడితే కరెంటు పిన్నులు, బేరింగుల గుండా పోతుంది. బ్యాటరీ తీగ తీసేయండి. సాగిన రంధ్రాలు పూడ్చి, కొత్త ఎడ్జ్‌నే కొలతగా పెట్టి మళ్లీ వేయండి.

బ్లేడ్‌ను దిమ్మల మీద దించాకే పని. హైడ్రాలిక్స్‌ను నమ్మి కింద దూరకండి.

నట్టుబోల్టు:
బిగింపు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. తుప్పు, వెల్డింగ్ చిట్టెం గ్రైండర్‌తో పూర్తిగా తీసి, రెండు ముఖాలూ అతుక్కునేలా చేయాలి. మధ్యలో మట్టి పొర ఉంటే నాలుగు గంటల్లో వదులవుతుంది. బోల్టులు, నట్లు, వాషర్లు అన్నీ కొత్తవే. ముప్పావు అంగుళం ప్లౌ బోల్టు (తల ఎడ్జ్‌లోకి దిగి కూర్చునేది) అయితే బిగింపు టార్క్ సుమారు 360 న్యూటన్ మీటర్లు. తల మీద సుత్తితో కొట్టి, మళ్లీ బిగించి, గంట పని చేశాక ఇంకోసారి చూడండి.

ఇంకోటి, కోణం. బ్లేడ్ పైభాగాన్ని కొంచెం ముందుకు వంచితే నేలలో బాగా దిగుతుంది, మరీ వంచితే మాత్రం ఉన్నట్టుండి పాతుకుపోయి అదురుతుంది, మట్టి దొర్లదు. పైగా స్క్రూ బ్రేస్ ఒక్కటే తిప్పితే బ్లేడ్ ఓ పక్కకు ఒరుగుతుంది. టిల్ట్ సిలిండర్‌ను దాని స్ట్రోకు మధ్యలో పెట్టి, ఆ కొలతకు స్క్రూ సరిచూడండి.

ఇనుపచక్రం:
ఎడ్జ్ రెండు వైపులా వాడుకునేదైతే, అరుగుదల అడుగు ప్లేటుకు 10–12 మి.మీ. దూరంలో ఉండగానే తిప్పేయండి. వెనక్కి వస్తూ బ్లేడ్‌తో చదును చేయించడం తగ్గించండి, మడమ (ఎడ్జ్ అడుగు వెనక అంచు) త్వరగా అరిగేది దానివల్లే.