డిసెంబర్ 4న మన పాటల చరిత్రలో ఇంకేం జరిగింది?

అందరికీ నమస్కారం. మాది కడప. డిసెంబర్ 4 ఘంటసాల గారి పుట్టినరోజు, 1922లో. ఆ సాయంత్రం మా వీధి పిల్లలతో ఆయన పాటలు పాడిస్తున్నాం. మధ్యమధ్యలో అదే తేదీన పాటల లోకంలో జరిగిన సంగతులు చెప్పించాలని నా కోరిక.

బయటి దేశాలవి బాగానే దొరికినాయి. 1956లో ఆ రోజు అమెరికాలోని మెంఫిస్‌లో, సన్ స్టూడియోలో గాయకుడు కార్ల్ పెర్కిన్స్ రికార్డింగ్ జరుగుతుంటే ఎల్విస్ ప్రెస్లీ వచ్చినాడు. ఇంకో గాయకుడు జెర్రీ లీ లూయిస్ అప్పటికే అక్కడున్నాడు, జానీ క్యాష్ కూడా ఆ రోజు అక్కడ కలిసినాడు. మన భజన గుడిలో కూర్చున్నట్టు కూర్చుని చర్చి పాటలు అందుకున్నారు, టేపు తిరుగుతానే ఉంది. 1971లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో, ఒక కాసినోలో అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ఆ కాసినో కాలిపోయింది. పక్కనున్న సరస్సు మీద కమ్మిన ఆ పొగే డీప్ పర్పుల్ అనే రాక్ బృందం వాళ్ల 'స్మోక్ ఆన్ ది వాటర్' పాటయింది. జప్పా చనిపోయిందీ 1993లో ఇదే తేదీన.

మన పాటల దగ్గరే చిక్కు. సినిమా విడుదల తేదీ దొరుకుతుంది గానీ పాట రికార్డయిన రోజు దొరకదు. నాకు కావాల్సింది అదే, ఆ గొంతు పలికిన రోజు. మద్రాసు స్టూడియోల డైరీలు, ఆకాశవాణి కార్యక్రమాల పట్టికలు ఎవరింట్లోనైనా ఉన్నాయా? మా సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి పోతే ఏ పాత పత్రికలు తిరగేయాలి? తెలిసిన పెద్దలు దయచేసి చెప్పండి. తేదీతోపాటు అది ఎక్కడ చూసినారో కూడా రాయండి, పిల్లలకు తప్పు చెప్పలేను.