రిసీవర్ ఆలస్యంగా ఆన్ చేస్తే హెచ్‌డీఎంఐ శబ్దం రావడం లేదు

ప్రశ్న:
సినిమాలు చూడటానికే పెట్టుకున్న లినక్స్ కంప్యూటర్ ఇది. హెచ్‌డీఎంఐ తీగ, స్పీకర్లను నడిపే రిసీవర్ గుండా టీవీకి వెళుతుంది. రిసీవర్‌ను తరువాత ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది, మాట రాదు. రీబూట్ చేస్తే సర్దుకుంటుంది. మూడు రాత్రులుగా తీగలు మార్చి చూశాను. మా అమ్మకు ఈ తతంగం నేర్పలేను, దయచేసి దారి చూపండి.

జవాబు 1:
బొమ్మ వస్తోంది కాబట్టి ముందుగా తీగను అనుమానించకండి. తాను ఎన్ని శబ్ద ఛానెళ్లు తీసుకోగలదో రిసీవర్ ఎడిడ్ సమాచారంలో (పరికరం తన సామర్థ్యాలను కంప్యూటర్‌కు తెలిపే వివరాల్లో) చెబుతుంది. డ్రైవర్ అందులోని శబ్ద వివరాలను ఈఎల్‌డీగా దాచుకుంటుంది. అది అందకపోతే కంప్యూటర్ హెచ్‌డీఎంఐని వదిలి అనలాగ్‌కు (హెడ్‌ఫోన్ పెట్టే మామూలు శబ్ద దారికి) మారిపోవచ్చు. శబ్దం పోయినప్పుడు ప్రోక్ డైరెక్టరీలో, ఏసౌండ్ కింద, మీ కార్డు ఫోల్డర్‌లోని ఈఎల్‌డీ ఫైళ్లు తెరవండి. మానిటర్ ప్రెజెంట్ ఎదురుగా 0 ఉందా, 1 ఉందా?

అడిగినవారు:
1 ఉంది. ఈఎల్‌డీ వ్యాలిడ్ ఎదురుగా కూడా 1 ఉంది.

జవాబు 2:
అయితే డ్రైవర్ రిసీవర్‌ను చూస్తోంది, పొరపాటు పైప్‌వైర్ (లినక్స్‌లో శబ్దాన్ని నడిపే ప్రోగ్రాం) ఎంచుకున్న ప్రొఫైల్‌లో, అంటే శబ్దం ఏ దారిన వెళ్లాలన్న అమరికలో ఉండాలి. వాల్యూమ్ కంట్రోల్‌లోని కాన్ఫిగరేషన్ పేజీలో హెచ్‌డీఎంఐ 5.1 (ఆరు ఛానెళ్ల శబ్దం) ఎంచుకోండి. చేత్తో ఎంచుకున్న ప్రొఫైల్‌ను పైప్‌వైర్‌కు తోడుగా పనిచేసే వైర్‌ప్లంబర్ గుర్తుంచుకుంటుంది.

అడిగినవారు:
అనలాగ్ మీదే ఉంది! మార్చాను. రిసీవర్‌ను నాలుగుసార్లు ఆపి ఆన్ చేశాను, నాలుగుసార్లూ మాట వచ్చింది. వెనుక స్పీకర్లలో వాన చప్పుడు విని అమ్మ కిటికీ వైపు చూసింది. ఇద్దరికీ కృతజ్ఞతలు.