వికీపీడియా నల్లబడ్డ రోజు గుర్తున్నవాళ్లు ఉన్నారా? మన దగ్గర మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదెందుకు?

కాలువగట్టు (ప్రశ్న):
అందరికీ నమస్తే. నేను లా మూడో ఏడాది. సైబర్ లా సెమినార్ నా నెత్తిన పడింది, టాపిక్ ఏమో 2012 జనవరి 18న జరిగిన ఇంటర్నెట్ బ్లాకవుట్. అప్పటికి నేను రెండో తరగతో మూడో తరగతో, అందుకే చూసిన జ్ఞాపకం లేదు. చదివిన మేరకు అర్థమైంది ఏంటంటే, పైరసీ సైట్లని ఆపడానికి అమెరికాలో సోపా, పీపా అని రెండు బిల్లులు వచ్చాయి, ఇంగ్లీషు వికీపీడియా 24 గంటలు మూసుకుంది, గూగుల్ తన లోగో మీద నల్ల పట్టీ వేసింది, రెండు రోజుల్లో బిల్లులు అటకెక్కాయి.

నా డౌట్లు రెండు. పైరసీ ఆపే చట్టాన్ని అడ్డుకోవడమంటే దొంగని వెనకేసుకొచ్చినట్టు కాదా? ఇంట్లో నాన్నతో రోజూ ఇదే గొడవ, ఆయన మొదటి వారం థియేటర్లో చూడని సినిమా లేదు, "ఆ సైట్లన్నీ పీకేస్తే మీకు నొప్పేంట్రా" అంటాడు, నాకు సమాధానం తట్టదు. రెండోది, ఆ బిల్లులో జనం భయపడిన పని, అంటే సైటు మొత్తానికి తాళం వేయడం, మన దగ్గర పెద్ద సినిమా రిలీజ్ అయిన ప్రతిసారీ జరుగుతూనే ఉంది కదా. మరి ఇక్కడ అడిగినవాడు ఎవడు?

పాతమోడెం:
తమ్ముడూ, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తూ. సోపా పెట్టిన లామార్ స్మిత్ కూడా టెక్సాస్ ఆయనే. మర్నాడు నాకు అసైన్‌మెంట్ ఇవ్వాలి. రాత్రి వికీపీడియా తెరిస్తే, నాకు కావాల్సిన పేజీ ఒక్క క్షణం కనబడి వెంటనే నల్లటి తెర కింద మునిగిపోయింది. స్వేచ్ఛగా దొరికే జ్ఞానం లేని ప్రపంచాన్ని ఊహించుకోండి అని రాసి, కింద జిప్ కోడ్ కొట్టడానికి చిన్న గడి. కొడితే మీ ఏరియా ప్రతినిధి పేరు, ఆఫీసు ఫోన్ నంబరు వచ్చేవి. నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నవాణ్ణి, ఓటు లేదు, నాకెందుకులే అని చెయ్యలేదు. మా ల్యాబ్‌లో అమెరికన్ కుర్రాడు మాత్రం పొద్దున్నించీ చేస్తూనే ఉన్నాడు, లైను దొరకలేదు, ఎప్పుడు చేసినా ఎంగేజే. (ఒక గుట్టు చెప్తాను, పేజీ లోడవుతుండగా ఎస్కేప్ బటన్ నొక్కితే నల్ల తెర పడేది కాదు. ఫోన్లో కూడా మామూలుగానే వచ్చేది. అసైన్‌మెంట్ అలాగే గట్టెక్కింది.)

నీ మొదటి ప్రశ్నకి వస్తే, గొడవ పైరసీ తప్పా ఒప్పా అని కాదు. దొంగసరుకు పెట్టినవాడి పేజీ తీయించడానికి అక్కడ 1998 నుంచే చట్టం ఉంది, నోటీసు ఇస్తే సైటువాడు ఆ ఒక్క పేజీ తీసేయాలి. సోపా దాన్ని దాటిపోయింది. విదేశీ సైటు ఒకటి దొంగదని కోర్టులో చెప్పించుకుంటే చాలు, నెట్ ఇచ్చే కంపెనీ ఆ పేరు పలకకూడదు, సెర్చ్‌లో కనబడకూడదు, కార్డు పేమెంట్లు ఆగిపోవాలి, యాడ్స్ ఆగిపోవాలి. ఒక పేజీ తప్పుకి ఊరంతా కరెంటు తీసేసినట్టు. పైగా డీఎన్‌ఎస్‌లో, అంటే సైటు పేరు కొడితే దాని అడ్రసు చెప్పే వ్యవస్థలో, అబద్ధం చెప్పించడమంటే నెట్ సెక్యూరిటీ కోసం అప్పటికే మొదలైన డీఎన్‌ఎస్‌సెక్ పనికి అడ్డం తగులుతుందని ఇంజనీర్లు మొత్తుకున్నారు. 2011 నవంబర్‌లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు ఆరుగురు సాక్షులు కూర్చుంటే బిల్లు వద్దన్నది గూగుల్ మనిషి ఒక్కరే. మిగతా ఐదుగురూ బిల్లు వైపే. జనానికి మండింది అక్కడ.

జనం వల్లే ఆగిందా అంటే, సగం. వికీపీడియా ఆ నల్ల పేజీని 16 కోట్ల మందికి పైగా చూశారని చెప్పింది, గూగుల్ పిటిషన్ మీద 70 లక్షల సంతకాలు పడ్డాయి, జనవరి 20న సెనేట్‌లో ఓటింగ్ వాయిదా, అదే రోజు స్మిత్ కూడా వెనక్కి తగ్గాడు. కానీ వెనక పెద్ద కంపెనీల డబ్బు, పలుకుబడి ఉన్నాయి, అది దాచి చెప్పకు సెమినార్‌లో. ఇంకో తమాషా, బ్లాకవుట్ అయిన మర్నాడే, జనవరి 19న, మెగాఅప్‌లోడ్ అనే ఫైల్ షేరింగ్ సైటుని మూయించారు, దాని యజమానిని న్యూజిలాండ్‌లో పట్టుకున్నారు. కొత్త చట్టం ఏదీ లేకుండానే!

యూరప్‌లో చూడు, ఆ నెలలోనే పోలండ్ జనం గడ్డకట్టే చలిలో ఆక్టా అనే నకిలీ సరుకు, పైరసీల మీద దేశాల మధ్య ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ రోడ్లెక్కారు, జూలై 4న యూరోపియన్ పార్లమెంటు దాన్ని 478–39 ఓట్లతో కొట్టేసింది. అదే 2019లో కాపీరైట్ డైరెక్టివ్ అని యూరోపియన్ యూనియన్ కొత్త కాపీరైట్ చట్టం వచ్చినప్పుడు జర్మన్ వికీపీడియా ఒక రోజు మూసుకుంది, 348–274తో అది పాసైపోయింది. మూసుకుంటే ప్రతిసారీ గెలుస్తారని లేదు.

రీలుబాక్సు:
అంతా బానే ఉంది అన్నా. స్వేచ్ఛ మీకు, వడ్డీ మాకు. మా బాబాయి ఒక చిన్న సినిమాని రెండు సెంటర్లకి కొన్నాడు, పిన్ని గాజులు తాకట్టు పెట్టి మరీ. శుక్రవారం మ్యాట్నీ పర్లేదు, ఫస్ట్ షో నిండింది. ఆదివారం రాత్రి ఆయన హైదరాబాద్ వెళ్దామని ప్రైవేటు బస్సెక్కితే అందులో టీవీలో అదే సినిమా ఆడుతోంది, మధ్యలో ఎవరో లేచి వెళ్తున్న తలకాయ నీడతో సహా. ఆ మనిషి డ్రైవర్‌తో గొడవ కూడా పెట్టుకోలేదు, కిటికీ వైపు తిరిగి పడుకున్నాడట. సోమవారం నుంచి థియేటర్లో మనుషుల కంటే కుర్చీలే ఎక్కువ.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అని ఇప్పుడెవరో అంటారు, నాకు తెలుసు. ఎలుక మీ గాదెలో దూరలేదు కాబట్టి అంటారు.

నిజాయితీగా ఒకటి ఒప్పుకుంటా. 2013లో అత్తారింటికి దారేది రిలీజుకి ముందే గంటన్నర సినిమా బయటికొచ్చింది గుర్తుందా, సీడీలు బజార్లో దొరికాయి, పాపం హడావిడిగా సెప్టెంబర్ 27కే విడుదల చేసుకున్నారు. ఆ లీకు బయటి వెబ్‌సైటు నుంచి రాలేదు, లోపలి మనిషి చేతినుంచే జారింది. పోలీసులు తీగ లాగి పట్టుకున్నారు, సినిమా కూడా పెద్ద హిట్టయింది. చిన్న సినిమాకి ఆ హిట్టు ఎవడిస్తాడు, ఆ పోలీసు ఎవడొస్తాడు?

నల్లకోటు:
రీలుబాక్సు గారి బాధ నిజం, అందులో వాదించడానికేం లేదు. కాలువగట్టు రెండో ప్రశ్నకి మాత్రం నేను చెప్తాను, నీ సెమినార్‌కి అసలు సరుకు అక్కడే ఉంది.

సోపా చచ్చిన కొద్ది నెలలకే, 2012లోనే, ఆ పని మన దగ్గర జరిగిపోయింది, అదీ ఒక తెలుగు సినిమా పేరు మీద. తమిళంలో "3", తెలుగులో "దమ్ము", ఈ రెండిటి కోసం మద్రాసు హైకోర్టుకి వెళ్లి ఆర్డర్లు తెచ్చుకున్నారు. ప్రతివాది ఎవరంటే, తెలియదు! ఇంకా చెయ్యని తప్పుకి, ఇంకా దొరకని మనిషి మీద. అలాంటి ఆర్డర్లని అమెరికాలో జాన్ డో అంటారు, మన కోర్టుల్లో అశోక్ కుమార్ ఆర్డర్ అంటారు, ఆ పేరుగలవాళ్లు ఎంతమంది ఉసూరుమన్నారో. ఆర్డరు పట్టుకుని మే నెలలో నెట్ కంపెనీలు విమియో, డైలీమోషన్, పేస్ట్‌బిన్, పైరేట్ బే అన్నీ కలిపి మూసేశాయి. విమియో అంటే షార్ట్ ఫిల్ములు తీసుకునే పిల్లలు తమ సొంత వీడియోలు పెట్టుకునే చోటు. సొంత సరుకు పెట్టుకున్నవాడి కొట్టు కూడా మూతపడింది.

నువ్వన్నట్టు పూర్తిగా ఎవరూ అడగలేదని కాదు. జూన్ 9న ముంబయి, ఢిల్లీ, బెంగళూరు లాంటి ఊళ్లలో ముసుగులేసుకుని కుర్రాళ్లు రోడ్డెక్కారు. ఎక్కువమంది రాలేదు. కానీ జూన్ 22న హైకోర్టే స్పష్టం చేసింది, దొంగ సినిమా ఉన్న ఫలానా యూఆర్‌ఎల్ మాత్రమే ఆపండి, సైటు మొత్తం కాదు, యూఆర్‌ఎల్ చెప్పిన 48 గంటల్లో ఆపండి అని. అంతకుముందు ఆపినవాటి వల్ల జరిగిన నష్టం సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఎందుకు పెద్ద గొడవ కాలేదంటే, నా అభిప్రాయం ఇది. బిల్లైతే దానికి ఒక పేరుంటుంది, ఓటింగ్ తేదీ ఉంటుంది, ఫోన్ చేసి తిట్టడానికి ఒక ఎంపీ ఉంటాడు. ఇక్కడ అవేవీ లేవు. సినిమాకి ఒక కేసు, అవతలి కుర్చీ ఖాళీ, శుక్రవారానికి ముందు ఆర్డరు. జనానికి తెలిసేసరికి సినిమా ఓటీటీకి కూడా వచ్చేస్తుంది. 2019లో ఢిల్లీ హైకోర్టు డైనమిక్ ఇంజంక్షన్ అని ఇంకో మెట్టు ఎక్కింది, ఒకసారి బ్లాకైన సైటు పేరు మార్చుకుని వస్తే కొత్తగా కేసు వెయ్యక్కర్లేదు, రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి జాబితాలో కలిపించుకుంటే చాలు. పైరసీ సైట్లు పూటకో పేరు మారుస్తాయి కాబట్టి అది సబబే అంటాను నేను, కానీ ఆ జాబితాలో నీ పేరు పొరపాటున పడితే బయటికి రావడానికి లాయరు ఫీజు నువ్వే పెట్టుకోవాలి. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ ఉంది కదా, థియేటర్లో రికార్డు చేసినవాడికి మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, కనీసం మూడు లక్షల జరిమానా, ఎక్కువైతే ఆడిటైన నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా. దాని మీద నాకు ఏ గొడవా లేదు. దొంగతనం చేసినవాడిని పట్టుకునే చట్టం అది.

కేబుల్‌చుట్ట:
నేను చిన్న టౌన్‌లో నెట్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీలో పనిచేశాను, ఆ జాబితా అందుకునేవాళ్లలో ఒకణ్ణి. ఎక్సెల్ షీటు వస్తుంది మెయిల్‌కి, చాలాసార్లు గురువారం సాయంత్రం, మేం టీకి లేచే టైముకి. వరసలు వరసలు పేర్లు. కోర్టు ఫలానా పేజీ ఆపమందనుకోండి, మా వల్ల కాదు, ఎందుకంటే ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా గుట్టుగా వెళ్లే కనెక్షన్, వినియోగదారుడు ఏ సైటుకి వెళ్లాడో తెలుస్తుంది గానీ లోపల ఏ పేజీ చూశాడో మాకు కనబడదు. కాబట్టి ఆపితే సైటు మొత్తం ఆపాలి, లేకపోతే అసలు ఆపలేం. కోర్టు ధిక్కారం అనే మాట మెయిల్‌లో చూశాక ఏ ఉద్యోగి ఆలోచిస్తూ కూర్చుంటాడు, పేస్ట్ చేయడం, ఎంటర్ కొట్టడం.

ఒకసారి ఆ షీటులో ఒక పేరు కింద ఇంకోటి అతుక్కుని వచ్చింది, మావాడు రెండిటినీ ఆపేశాడు. రెండోది ఏదో కోచింగ్ సెంటర్ వాళ్ల నోట్స్ పెట్టుకునే సైటు. నాలుగు రోజులకి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, "అన్నా మీ నెట్‌లోనే రావట్లేదు, పక్కింట్లో వస్తోంది" అని. తనకి తెరమీద వచ్చే ప్రభుత్వ ఆదేశాల మేరకు అనే లైను చూసి భయమేసిందట, నేనేమైనా తప్పు చేశానా అని అడిగింది. తీసేశాం. ఎవరికీ రిపోర్టు రాయలేదు, రాయాలని ఎవరూ అడగలేదు కూడా.

కాలువగట్టు:
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. రీలుబాక్సు అన్నా, బస్సు సంగతి నాన్నకి చదివి వినిపించా, ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కేబుల్‌చుట్ట గారిది చదివితే, "మరి ఆ పిల్ల ఫోన్ చేయకపోయుంటే?" అన్నాడు. నల్లకోటు గారూ, ఆ కేసు ఎలా వెతకాలి?

నల్లకోటు:
సినిమా పేరుతో వెతకొద్దు, దొరకదు. ఆర్.కె. ప్రొడక్షన్స్ వర్సెస్ బీఎస్‌ఎన్‌ఎల్ అని కొట్టు, 2012 అక్టోబర్ ఆర్డరు వస్తుంది. మమ్మల్నెందుకు పార్టీ చేశారు, దావా కొట్టేయండి అని నెట్ కంపెనీలు అడిగిన భాగం, కోర్టు కాదన్న కారణం, ఆ రెండూ చదివి రా. కాపీరైట్ చట్టం 52(1)(సి) కూడా పక్కన పెట్టుకో, ఫిర్యాదు అందాక 21 రోజులు ఆపి ఉంచాలి, ఆలోగా కోర్టు ఆర్డరు తేకపోతే మళ్లీ తెరవొచ్చు అని ఉంటుంది. ఆ 21 రోజుల సంగతి నీ సెమినార్‌లో ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు.