బ్యాకప్ మొదలైతే బిల్లింగ్ ఆగిపోతోంది, డేటా=రైట్‌బ్యాక్ పెట్టొచ్చా?

కౌంటర్‌దగ్గరికుర్రాడు
బేగంబజార్‌లో మా బాబాయి హోల్‌సేల్ షాపు సర్వర్ నేనే చూసుకుంటాను. లినక్స్, 64 జీబీ ర్యామ్, ఒకటే హార్డ్‌డిస్క్, ఎక్స్ట్4 ఫైల్‌సిస్టమ్, బిల్లులకి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. మధ్యాహ్నం బ్యాకప్ అదే డిస్క్ మీదికి పోతుంది. మొదట్లో బాగానే ఉంటుంది, కాసేపటికి బిల్లు కొడితే నిమిషం దాకా కదలదు, లైన్‌లో ఉన్నవాళ్లంతా నన్నే చూస్తారు. ర్యామ్ సగం పైన ఖాళీనే. ఫైల్‌సిస్టమ్ సెట్టింగుల్లో డేటా=రైట్‌బ్యాక్, బ్యారియర్=0 పెడితే పరిగెడుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. పెట్టనా?

పాతకర్నల్
ఆగు తమ్ముడూ, బ్యారియర్ జోలికి అస్సలు పోకు.

ర్యామ్ ఎక్కువ ఉండడమే నీకు తంటా అయింది. ప్రోగ్రామ్ రాసింది ముందు ర్యామ్‌లోనే పడుతుంది, డిస్క్‌కి తర్వాత కర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, దింపుతుంది. మామూలుగా అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం నిండితేనో, రాసింది 30 సెకన్లు పాతబడితేనో దింపడం మొదలవుతుంది, 20 శాతానికి వస్తే రాసేవాళ్లనే ఆపేస్తుంది. నీ మెషిన్‌లో ఆ 20 శాతం అంటే దాదాపు 12 జీబీ. సెకనుకి 150 ఎంబీ రాసే డిస్క్‌కి అది 80 సెకన్ల పని. ఆ క్యూలో నీ బిల్లు ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్‌కి చేరేదాకా ఆగే పని) కూడా నిలబడాలి, ఇంక కదలమంటే ఎట్లా కదులుతుంది?

ఆ రెండు హద్దుల్నీ శాతాల్లో కాకుండా బైట్లలో పెట్టే కర్నల్ సెట్టింగులున్నాయి: దింపడం మొదలవడానికి వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్ 64 ఎంబీ, రాసేవాళ్లని ఆపడానికి వీఎం.డర్టీ_బైట్స్ 256 ఎంబీ పెట్టి చూడు. విలువ బైట్లలో ఇవ్వాలి, అవి పెడితే శాతాల సెట్టింగ్ దానంతటదే సున్నా అవుతుంది. బ్యాకప్ కొంచెం లేటవుతుంది, అవనీ.

యూపీఎస్‌లేనిబాధ
డేటా=రైట్‌బ్యాక్ పెట్టి చెయ్యి కాల్చుకున్నవాణ్ణి. వానాకాలం సాయంత్రం కరెంటు పోయింది, ఇన్వర్టర్ అందుకునేలోపే మెషిన్ రీస్టార్ట్. లేచాక కొన్ని లాగ్ ఫైళ్ల సైజు సరిగ్గానే ఉంది, లోపల మాత్రం ఎప్పుడో డిలీట్ చేసిన ఫైళ్ల ముక్కలు! ఎక్స్ట్4 మామూలుగా ఉండే ఆర్డర్డ్ పద్ధతిలో కొత్త డేటా డిస్క్‌కి చేరాకే జర్నల్ (ఫైల్‌సిస్టమ్ తన మార్పులు రాసుకునే చిట్టా) కమిట్ అవుతుంది, రైట్‌బ్యాక్‌లో ఆ వరస ఉండదు. డిస్క్ మీద రాతల వరస కాపాడేది బ్యారియర్, అది తీసేస్తే ఇంకా ఘోరం, డిస్క్ తన క్యాష్‌లోంచి కమిట్ రికార్డునే ముందు రాసేసుకోవచ్చు, అప్పుడు ఫైల్‌సిస్టమే పోతుంది. పైగా పోస్ట్‌గ్రెస్ ఎలాగూ తన ఎఫ్‌సింక్ తను చేసుకుంటుంది కాబట్టి మీకు మిగిలేదీ పెద్దగా ఉండదు.

వేగమే కావాలంటే పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్_కమిట్ ఆఫ్ చేయొచ్చు, అప్పుడు బిల్లు డిస్క్‌కి చేరేదాకా ఆగదు. డేటాబేస్ పాడవదు, కరెంటు పోతే చివరి సెకనులోపు బిల్లులు పోవచ్చు, అంతే. మీ షాపుకి మాత్రం నేను చెప్పను, కాగితం కస్టమర్ చేతిలో ఉండి సిస్టమ్‌లో బిల్లు లేకపోతే సాయంత్రం లెక్క కుదరక మీ బాబాయి ఊరుకోడు.

కౌంటర్‌దగ్గరికుర్రాడు
అన్నా, బైట్స్ సెట్టింగే పెట్టాను. ఈరోజు బ్యాకప్ నడుస్తుంటేనే బిల్లులు కొట్టాం, రెండు మూడు సెకన్లకి మించి ఆగలేదు. ఫ్రెండ్ మాట వినలేదు. ఇక బ్యాకప్‌కి వేరే డిస్క్ అడగాలి, బ్యాకప్ కూడా అదే డిస్క్‌లో పెట్టావా అని మీరు తిట్టకముందే.

పాతకర్నల్
తిడదామనే వచ్చాను.